అడివి మలుపులో టమోటా మొక్కలు

ఏమప్పా మురళీ, టమోటాలన్నీ ట్రాక్టర్‌కి ఎత్తినావు, యాడికి తోల్తాండావు? అడివి రోడ్డుకా? రోంత ఇంజను ఆపు. ఆపప్పా, కుళ్ళేదానికి వాటికేం తొందర. నీకు గంగులయ్య తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయినాడు. మా పక్కిల్లే, టెంపో తోలుతాండె. గుడుపల్లె చుట్టుపక్కల కాయంతా ఆయప్ప బండిలోనే మదనపల్లె మండీకి పొయ్యేది. పుంగనూరులో టీకి ఆపితే, ఆయప్ప సగం బన్ను కుక్కకే ఏస్తాడని టీకొట్టోడు ముందే రెండు బన్నులు తీసిపెట్టేవాడు. అట్లాంటి మనిషి. మండీలో మాత్రం నోరు తెరిస్తే... సరే, అది వేరే కత.

ఆ ఏడు గూడా ఇప్పటి మాదిరే రేటు సచ్చిపోయింది. మండీలో కాయ దించుకోమంటే ఒక్కడూ దించుకోలే. వెనక్కి తెచ్చి ఏం జేసుకుంటారు? పలమనేరు దాటినాక అడివి మలుపులో బండి ఆపి, అంతా రోడ్డు వారన పోసేసినాడు. "మనుషులకి వద్దంటే మూగజీవాలన్నా తింటాయిలేన్నా, పుణ్యం" అన్నాడు నాతో. మంచి మాటే గదా. ఆయప్పను జూసి కడమ బండ్లోళ్ళు గూడా ఆడే పోసేది మొదలుపెట్టిరి. దానం జేసినట్టు దండం పెట్టి పోసేవాళ్ళు గూడా ఉండిరి.

ఇంగొక దినం నా కాయే ఏసుకుని పోతాండాము. బాగా తెల్లారిండాది. ఆ మలుపు తిరగతానే దుప్పి ఒకటి కుప్పలోనించి తల ఎత్తి అడ్డం దూకింది. బ్రేకు తొక్కినాడు, లోడు బండి యాడ నిలస్తాది? దిగి సూస్తే పోయుండాది, కండ్లు తెరిసే ఉండాయి. మూతి అంతా ఎర్రగా ఉంటే నెత్తరనుకుని తువ్వాలుతో తుడిసినాడు. తువ్వాలుకి గింజలు అంటుకున్నాయప్పా. టమోటా గింజలు. ఆయప్ప వాటిని సూస్తా సూస్తా రోడ్డు మీదనే కూలబడినాడు. "కూడు పెట్టి పిల్సి సంపినాను గదన్నా" అన్నాడు. ఫారెస్టోళ్ళ కాడికి ఆయప్పే పోయి చెప్పినాడు, ఆ కుప్పంతా ఆయప్పే పారతో ఎత్తుకొచ్చినాడు.

కుప్ప ఎత్తితే గింజ పోతాదా? వానలు పడినాక రోడ్డు వారంతా మొక్కలు లేసినాయి, కాయ గూడా పట్టింది. దుప్పులు మళ్ళా రోడ్డుకే వస్తాండె. అబ్బుడి నుంచి పొయ్యేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి బండి ఆపి పీకేవాడు. "ఏం గంగులయ్యా, అడివిలో సేద్యం ఎట్లుండాది" అని డ్రైవర్లు ఎగతాళి పట్టిస్తాండ్రి. "ఏసింది నేనే, పీకేది నేనే" అని పీకతానే ఉండె. ఇంగ ఎవురినీ ఆడ పోయనీలే, కొట్లాడినాడు గూడా.

కడాకి పచ్చకామెర్లు వచ్చినాయి. కుప్పం ఆస్పత్రిలో పండుకుని, వాన పడిందా అని అదే అడిగేది. ఆయప్ప పెండ్లాము తులసమ్మ, "పడిందిలే, మన చేనికి దిగులు లేదు" అన్నది. "చేను గాదే, మలుపు" అన్నాడు. ఆ పొద్దే పోయినాడు. దినాలు గూడా కాకముందే ఆయమ్మ బస్సెక్కి ఆ మలుపులో దిగింది, నేను తోడు పోయినా. వంగి పీకతా ఏడిసింది, ఏడస్తా పీకింది. ఒడి నిండా పచ్చికాయలు.

ఆయమ్మ పోయినాక నేనే పోయి పీకతాంటి. ఇబ్బుడు నాకు మోకాళ్ళు వంగవప్పా.

ఆ, తిప్పు, తిప్పు. మా ఎరువు దిబ్బ కాడికి తోలు, ఆడ పోద్దువు. మబ్బు పట్టింది.