అలారం మోగకముందే

సెలవు రోజు మధ్యాహ్నం. ఆఫీసు ఐదో అంతస్తులో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఉద్యోగం మానేసిన బావమరిది తన బల్ల సర్దుకుంటున్నాడు. ఆ జట్టుకి పెద్ద అయిన బావ సాయం చేస్తానని వెంట వచ్చాడు గానీ, వచ్చినప్పటి నుంచీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఇద్దరిదీ ఒకటే పని. ఆస్పత్రుల్లో రక్తపరీక్షల ఫలితాలు డాక్టర్లకి చేరవేసే క్లౌడ్ సిస్టమ్‌ని కనిపెట్టుకుని ఉండటం, పడిపోతే లేపడం.

"ఆ పెట్టె ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటా."

"వద్దండి. బరువేం లేదు. మీరు కూర్చోండి."

"మీరేంట్రా కొత్తగా? పెళ్ళిచూపుల నాటి నుంచీ నన్ను నువ్వనే అంటున్నావుగా."

"ఆఫీసు కదా."

"ఆఫీసులో ఎవరున్నారు? ఈ కుర్చీలా?"

"అలవాటైతే మంచిది లెండి."

"సరే, నీ ఇష్టం. అన్నట్టు నా స్నేహితుడితో మాట్లాడాను. వాళ్ళదీ మనలాంటి పనే. సోమవారం వెళ్ళి కలువు."

"ముందు ఉద్యోగం ఎందుకు మానేశావని అడగడా?"

"అడిగితే ఏదో ఒకటి చెప్పు. సరిపడలేదని చెప్పు."

"ఆస్పత్రుల సిస్టమ్ పడగొట్టింది నేనేనని ఈపాటికి అందరికీ పాకిపోయింది. నా పేరు కూడా ఎవరూ అనట్లేదు. 'ఓహో, తప్పు బటన్ నొక్కిన ఆ నొక్కుడుగాడా' అంటున్నారు."

"నాలుగు రోజులు అంటారు, తర్వాత మర్చిపోతారు. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి."

"పొరపాట్లు."

"అంటే నేననేది..."

"ఏం పొరపాటు చేశాను బావా?"

"అదే... ఆ సెట్టింగు..."

"ఏ సెట్టింగు?"

"ఇప్పుడెందుకురా అవన్నీ? ఈ చార్జరు నీదా, కంపెనీదా?"

"కంపెనీది. ఏ సెట్టింగో చెప్పు. మీటింగులో అందరికీ చదివి వినిపించింది నువ్వేగా."

"'నేనే మార్చాను' అని నువ్వే చెప్పావు. నువ్వు చెప్పిందే నేను చదివాను."

"చదివేటప్పుడు నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు."

"చూశానేమో..."

"సిస్టమ్ పడిందని అలారం మోగకముందే నువ్వు లాగిన్ అయ్యావు బావా."

"ఏంటి?"

"అలారం మోగాక మేమంతా ఉలిక్కిపడి లేచాం. నువ్వు అప్పటికే లోపలున్నావు."

"అనుభవంరా. ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నాను, ఏదో తేడాగా ఉంటే వాసన తెలిసిపోతుంది."

"ఆ ఒక్కరోజే అయితే నేనూ అలాగే అనుకునేవాణ్ణి. పాతవన్నీ తీసి చూశాను. వానల్లో పడినప్పుడూ అంతే. దానికి ముందూ అంతే. మంట లేవకముందే ఫైరింజను వచ్చేస్తోంది."

"ఇవన్నీ... ఇంకెవరికైనా చూపించావా?"

"చూశావా? 'కాదు' అనలేదు. ఎవరికి చూపించావన్నావు."

"మెల్లగా మాట్లాడు."

"ఎవరున్నారని?"

"ఆ తలుపు వెయ్యి ముందు."

"వెయ్యను. ఇన్నాళ్ళూ అన్నీ మూసుకునే ఉన్నాను."

"నీకు తెలీదురా. నువ్వు చేరకముందు సంగతి. ఏడాది పొడుగునా దాన్ని పసిపిల్లలా చూసుకున్నాను. ఒక్కసారి పడలేదు. ఏడాది చివర్లో పై ఆఫీసరు పిలిచాడు. మెచ్చుకుంటాడనుకుని వెళ్ళాను. 'అంతా దానంతటదే నడుస్తోందిగా, ఇంతకీ నువ్వేం చేస్తుంటావు?' అన్నాడు. జట్టులో ఇద్దర్ని తీసేశారు. తర్వాతి వంతు నాదే."

"అందుకని?"

"మొదటిసారి దానంతటదే పడింది. ఒట్టు, నేనేం చెయ్యలేదు. లేపాను, అంతే. ఈ అంతస్తంతా లేచి చప్పట్లు కొట్టిందిరా. అంతకుముందు నా మొహం ఎరగనివాళ్ళు వచ్చి చెయ్యి కలిపారు."

"రెండోసారి?"

"నీళ్ళు తాగుతావా?"

"రెండోసారి, బావా?"

"చిన్నదేరా. భోజనాల వేళ చూసి, ఎవరికీ నష్టం లేకుండా... స్విచ్చి ఇలా ఆపి అలా వేసినట్టు."

"ఈసారి?"

"ఈసారీ అంతే అనుకున్నా. ఇది ఆగితే దీని బదులు పనిచెయ్యడానికి పక్కనున్న రెండోది లేవాలి కదా? అది లేవలేదు. ఎంత తన్నుకున్నా లేవలేదు. చొక్కా మొత్తం తడిసిపోయింది."

"ఆ చెమట చూసి మేమేమనుకున్నామో తెలుసా? మనకోసం ఎంత కష్టపడుతున్నాడో అనుకున్నాం."

"అలా అనకురా."

"ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను ఎత్తింది నేను. ఆ రోజు డ్యూటీ నాది. మనిషికి మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టాం, రిపోర్టు రావట్లేదు, మొదలుపెట్టాలా ఆపాలా చెప్పండి అని డాక్టరమ్మ అరుస్తోంది. 'మా బావే స్వయంగా చూస్తున్నారండీ, మీకేం భయం లేదు' అన్నాను. గర్వంగా అన్నాను బావా."

"ఆ మనిషికి..."

"బతికాడు. ల్యాబు నుంచి ఎవరో రిపోర్టు పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తారట. ఇన్ని రోజులైంది, ఒక్కసారీ అడగలేదేం?"

"ఏం వినాల్సొస్తుందోనని భయమేసింది."

"హమ్మయ్య. ఇవాళ ఒక్క నిజం చెప్పావు."

"మరి తప్పు నువ్వెందుకు మీదేసుకున్నావురా? నా కోసం..."

"నీ కోసం కాదు."

"ఎవరి కోసమైనా సరే. నేను చెప్పేస్తాను. రేపే చెప్పేస్తాను."

"రేపు నీకు అవార్డు ఇస్తున్నారు."

"అక్కడే చెప్తా. అందరి ముందూ, మైకులో."

"చెప్పవు."

"చెప్తానంటున్నానుగా!"

"చెప్పవులే బావా. నీ గొంతే చెబుతోంది. చెప్తావా?"

"చెప్పలేనురా. ఛీ. మొన్న ఆ మీటింగులో నీ పేరు చదువుతుంటే నా నోరు నాకే కంపు కొట్టింది. అయినా చదివాను. రేపు కూడా వెళ్ళి, నవ్వుతూ పుచ్చుకుంటాను. అలాంటివాణ్ణి నేను."

"పద, తాళం వెయ్యాలి."

"ఆగు. ఒక్కటి అడుగుతాను, కాదనకు. మీ అక్కకి మాత్రం తెలియనివ్వకు. పైవాళ్ళు తిట్టనీ, జైల్లో పెట్టనీ, పడతాను. తన కళ్ళలో చులకనైపోతే మాత్రం ఆ ఇంట్లో అడుగు పెట్టలేను. లోకంలో నన్ను మనిషిగా చూసేది తనొక్కతే."

"లే బావా. ఏంటిది, కాళ్ళ మీద... లే ముందు."

"మాటివ్వు."

"ఎలా ఇవ్వను? ఆ సాయంత్రం పైఅంతస్తుకి బయల్దేరాను, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. లిఫ్టు ఎక్కేముందు అక్కకి ఫోన్ చేశాను."

"చెప్పేశావా!"

"'అక్కా, ఇవాళ సిస్టమ్ పడింది కదా, అది బావే...' అన్నాను. మిగతాది అననివ్వలేదు. ఒకటే ఏడుపు. 'నీకింకా వయసుందిరా, తప్పు నీదేనని చెప్పు, నా మాట విను, ఆయన తట్టుకోలేరు' అంది. నేను లిఫ్టు ఎక్కకుండా వెనక్కొచ్చి, తప్పు నాదేనని చెప్పేశాను."

"అంటే తనకి... ముందే... తనకెవరు చెప్పారు?"

"నేనూ అదే అడిగాను బావా. 'ఒకళ్ళు చెప్పాలేంట్రా? మీ సిస్టమ్ పడే రోజు పొద్దున్నే మీ బావ ఈల వేసుకుంటూ గడ్డం గీసుకుంటారు' అంది."