తెల్లగా ఉన్న సందు

నా వీడ్కోలు సభలో అధ్యక్షస్థానంలో ఉన్న మా పెద్దసారుకి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, నన్ను ‘గడులక్క’ అని ఏడిపించే ఆఫీసు పిల్లలందరికీ నమస్కారం.

ఆ పేరెలా వచ్చిందో అతిథులకి చెప్పాలి. వరద ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టడానికి మ్యాపులో నేలంతా గడులుగా కోస్తాం, ఒక్కో గడికి ఒకే ఎత్తు. గడి పెద్దదైతే మీరు టీ తాగొచ్చేలోపు లెక్క తేలిపోతుంది, సగానికి తగ్గిస్తే గడులు నాలుగింతలై, లెక్కగట్టాల్సిన సార్లు రెండింతలై పని ఎనిమిదింతలవుతుంది, అందుకని నేను చిన్న గడి అడిగినప్పుడల్లా పెద్దసారు తల పట్టుకునేవారు. (నవ్వులు) చూడండి, ఇప్పుడూ పట్టుకున్నారు!

నవ్విస్తున్నాను గానీ పొద్దుట్నుంచి నా మనసు మనసులో లేదు. ఎగువన కొండల్లో పడుతున్న వాన సాయంత్రానికి ఊళ్లోకి దిగుతుంది. మనం పంపిన పెద్ద గడుల మ్యాపులో అద్దకంవాళ్ల సందు తెల్లగా ఉంది, అంటే నీళ్లు రావని. రెండు సైకిళ్లు పక్కపక్కన పట్టని పల్లపు సందు అది. రెండువైపులా ఉన్న మిట్టతో కలిసి ఒకే గడిలో పడి, లెక్కలో అదీ మిట్టయిపోయింది.

ఆ సందు చివరింట్లో మా చెల్లెలుంటుంది. మోకాళ్ల నొప్పులు. మేడమీదికి వెళ్లవే అని ఫోన్ చేస్తే, “మీ ఆఫీసు మ్యాపులో మా సందు తెల్లగా ఉందటగా అక్కా, ఊరికే కంగారుపెట్టకు” అంది. సందంతా అదే మాట. అందుకే చిన్న గడులతో మళ్లీ లెక్క మొదలుపెట్టి ఈ హాల్లోకి వచ్చాను.

ఇందాక తెరమీద నా ఫొటోలు చూసి చప్పట్లు కొట్టారు కదా. లెక్క నడుస్తున్నది ఆ కంప్యూటర్ మీదే. ఫొటోల కోసం ఆ లెక్కని ఆపేశారు. ఎవర్నీ తిట్టడం లేదు నాయనా, ప్రేమతోనే చేశారు. కానీ మళ్లీ మొదలుపెడితే తేలేసరికి తెల్లారిపోతుంది.

“లెక్క లేకుండా ఎలా హెచ్చరించమంటావమ్మా?” అనబోతున్నారు కదా పెద్దసారూ? తెల్లగా ఉందంటే నీళ్లు రావని కాదండీ, మన గడికి ఆ సందు కనపడలేదని. నాకు భయంగా ఉంది. ఆ పూలగుత్తి పక్కన పెట్టి, సందు ఖాళీ చేయించమని సహాయ సిబ్బందికి ఫోన్ చెయ్యండి. నీళ్లు రాకపోతే ఊరంతా నన్నే తిట్టనివ్వండి, ఎలాగూ రిటైరయ్యాను.

ఎత్తారా? సందు పేరు గట్టిగా చెప్పండి సారూ. చివరింటిదాకా వెళ్లమనండి.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఎవరు చెప్పినా మా చెల్లెలు తనంతట తాను మెట్లు ఎక్కగలిగేది కాదు, పట్టుకుని ఎక్కించాలి. డ్రైవరన్నా, బండి తియ్యి. సెలవు.