గుడ్డలుతికే బండ

ఇట్లా దగ్గరికి జరగండి, కాసేపు మాటలాపండి. తిరుపతి మ్యూజియంలో, కత్తి దూసిన వీరుడి బొమ్మ చెక్కిన శిల ముందు ఒక తండ్రీ కూతురూ మాట్లాడుకున్నారు.

"నాయనా, అచ్చం ఇట్లాంటి బండే గదా మనింట్లో ఉండేది?"

"మెల్లిగా పాపా. కాపలా ఆయన వింటాడు."

"అమ్మ దానిమీద గుడ్డలు బాదితే పలమనేరు దాకా వినిపిస్తాది."

"బొమ్మ గరుకుగా ఉండాదని బోర్లా తిప్పింది నేనే."

"ఊరి ఆవుల్ని కాపాడబోయి సచ్చిపోయినోడంట, ఈడ రాసుండారు."

"అట్లయితే మన బండమీదోడూ అట్లాంటోడే. మనూరి కోసం సచ్చినోడి మీద ఇన్నేండ్లు మురికి పోసినాను పాపా. తలెత్తుకోలేకుండా ఉండాను."

"ఏడవద్దు నాయనా."

"ఇంటికి పోతానే కడిగి నిలబెడతాను."

పక్కనుండి ఇదంతా విన్న ముసలాయన తండ్రి భుజం తట్టాడు.

"బాధపడొద్దప్పా. దినామూ వీపు రుద్దించుకునే యోగం ఏ రాజుకుండాది?"