సాంబమూర్తి గారి గొంతుల పుస్తకం

1987 జూన్ 15, సోమవారం నాడు, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న మన స్వరలేఖ ధ్వనిముద్రణ కేంద్రంలో శ్రీ సాంబమూర్తి గారు సహాయ ధ్వని ఇంజినీరుగా విధులలో చేరారు. తెనాలి ప్రాంతం నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి సైదాబాదులో కిరాయి గదిలో దిగిన ఆయన, దాదాపు ఇరవయ్యేడేళ్ల సుదీర్ఘ సేవానంతరం, ఈ 2014 మార్చి 31న ముఖ్య ధ్వని ఇంజినీరుగా పదవీ విరమణ చేయనున్న సందర్భంలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని మర్యాదకు అంటున్నాను గానీ, నిజానికి నాకు భయంగా ఉంది. ఎందుకో చివర్లో చెబుతాను.

మైకు బిగించే ముందు వాద్యం చుట్టూ ఒకసారి తిరిగి ఉత్త చెవితో వినడం ఆయన తొలినాటి నుంచి పాటించిన నియమం. వీణ మెట్లకు మరీ దగ్గరగా మైకు పెడితే తీగ మీద వేలు జారే చప్పుడే రాగాన్ని మింగేస్తుందని, నాదస్వరానికి ఎదురుగా పెడితే మంగళధ్వని కాస్తా పోట్లాటలా వినిపిస్తుందని, హార్మోనియం వెనక పెడితే స్వరం కన్నా తిత్తి ఆయాసమే ఎక్కువ పడుతుందని మాకు నేర్పినవారు వారే. మృదంగం రెండు వైపులా రెండు మైకులు అడిగిన విద్వాంసులకు ఒక్క మైకుతోనే రెండు వైపులూ వినిపించి, వారిచేత ఇంకో కాఫీ తెప్పించుకునేవారు.

ఆయన బల్ల సొరుగులో ఒక నల్ల అట్ట పుస్తకం ఉండేది. దాన్ని మేము గొంతుల పుస్తకం అనేవాళ్లం. మన గదిలో పాడిన, వాయించిన ప్రతివారికీ అందులో ఒక పేజీ ఉండేది. ఏ మైకు, ఎంత దూరం, ఏమి గుణం, ఏమి దోషం అని నాలుగు ముక్కలు రాసుకునేవారు. "దోషం పాడినవారిది కాదయ్యా, అమర్చినవాడిది" అనేవారు. ఆ సొరుగు తాళంచెవి ఎవరికీ ఇచ్చేవారు కాదు.

1998లో వారు ముఖ్య ఇంజినీరయ్యారు. 2005లో కేంద్రం ఎల్బీనగర్‌కు మారినప్పుడు, కొత్త గదిలో మూలమూలకూ వెళ్లి చప్పట్లు కొడుతూ ప్రతిధ్వని వింటున్న ఆయనను చూసి, రంగులు వేసేవాళ్లు పాపం పిచ్చివాడనుకున్నారు. ఆ మరుసటి ఏడాది హయత్‌నగర్ నుంచి వచ్చి నేను ఆయన కింద సహాయకుడిగా చేరాను.

ఇక 2011 సంగతి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. బస్సులు లేవు. ఆయన సైదాబాదు నుంచి నడిచి వచ్చేవారు. అంతవరకు ఒకే బల్ల మీద టీ తాగిన మేము రెండు బల్లలయ్యాం. నేను ఏ బల్ల దగ్గర కూర్చున్నానో చెప్పనక్కర్లేదు. ఉద్యమ పాటలు రికార్డు చేయడానికి తుర్కయంజాల్ నుంచి బుచ్చయ్య గారి బృందం వచ్చింది. పాడేది పూలమ్మ గారు. మైకు లేకుండానే పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించే గొంతు.

సాంబమూర్తి గారు ఆమెకు మన కేంద్రంలో అన్నిటికన్నా ఖరీదైన జర్మనీ మైకు అమర్చారు. దాన్ని మేమంతా 'పెద్దాయన' అని పిలుస్తాం. చీమ నడిచినా పట్టుకుంటుంది. ఒక చరణం పాడించి, ఆయన ముఖం చిట్లించి లోపలికి వచ్చి, పెద్దాయనను మూలకు జరిపి, సభల్లో వాడే మామూలు చేతి మైకు పెట్టి, అద్దం అవతలి గదిలోకి వెళ్లి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారు.

అప్పుడు నేను బుచ్చయ్య గారి చెవిలో ఊదాను: "అన్నా, పెద్దాయననెందుకు తీసిండో ఎర్కేనా? గిది అగ్గువ మైకు. మనోళ్లకు గిదే మస్తు అనుకున్నడు."

బుచ్చయ్య గారు డప్పు కింద పెట్టేశారు. "బంద్ వెట్టుండ్రి! మా గొంతును కావాలనే కరాబు చేస్తుండ్రు. గీ ఆంధ్రాయన ఉంటే మేం పాడం" అన్నారు.

సాంబమూర్తి గారు మెల్లగా లోపలికి వచ్చారు. "అమ్మా, రెండు మైకుల్లోనూ ఒక్కో చరణం పాడండి. ఏది ఏ మైకో చెప్పకుండా వినిపిస్తాను. మీ గొంతు ఏదో మీరే చెప్పండి. ఖరీదైన మైకులోదే మీ గొంతంటే, రేపటి నుంచి నేను ఈ గదికి రాను" అన్నారు.

ఆమె పాడారు, కళ్లు మూసుకుని విన్నారు. మొదటిదానికి, "గిది రేకు డబ్బాల మాట్లాడినట్టున్నది" అన్నారు. రెండోది సగమైనా కాకముందే, "గిది నేనే! మా అమ్మ గిట్లనే పాడేది" అంటూ ఏడ్చేశారు. అది నేను చవకదని చెప్పిన ఆ అగ్గువ మైకు. ఆమె గొంతులోని పదునును, చిన్న గది గోడల మోతను పెద్దాయన ఎక్కువ చేసి చూపిస్తే, చేతి మైకు ఆ అంచును కాస్త నునుపు చేసి నిండుతనాన్ని మాత్రం పట్టింది.

"సారూ, మీకెట్ల ఎర్కైంది?" అని ఆమె అడిగితే, "మొదటే విని ఉండాల్సింది తల్లీ. పెద్ద గొంతుకు పెద్ద మైకే మర్యాద అనుకుని పొరపాటు చేశాను" అన్నారు. ఆ రోజు ఆరు పాటలు పూర్తయ్యాయి. బుచ్చయ్య గారికి ఆ మాట ఎవరు చెప్పారని సాంబమూర్తి గారు ఎవరినీ అడగలేదు. మర్నాడు నా పక్కనే కూర్చుని టీ తాగారు. ఆయనకు తెలియదనే ధీమాతో నేను ఇన్నేళ్లు హాయిగా ఉన్నాను.

పోయిన వారం ఆయన తన బాధ్యతలతో పాటు గొంతుల పుస్తకాన్నీ నా చేతిలో పెట్టారు. ఆసక్తిగా పూలమ్మ గారి పేజీ తీశాను. దాని ఎదుటి పేజీ నాది. నేను ఏనాడూ పాడలేదు, ఏ వాద్యమూ వాయించలేదు. ఆయన గుండ్రని అక్షరాల్లో ఇలా ఉంది:

"శైలేందర్. మైకు: పెద్దాయన. దూరం: గది మూల నుంచి తొమ్మిది అడుగులు. గుణం: గుసగుస కూడా స్పష్టంగా పడింది. గొంతు వణికింది, మనసులో బాధ ఉన్న మనిషి. దోషం: మూలన పెట్టిన మైకును ఆపడం నేను మరిచాను."

సహాయ ఇంజినీరునై ఉండి, మూలన తెరిచి ఉన్న మైకును చూసుకోని నా తెలివికి నవ్వు రావాలి. రాలేదు. నా మాట విని కూడా రెండున్నరేళ్లుగా నాకు పని నేర్పిన మనిషి ముందు సిగ్గుతో తల వంగిపోయింది.

అందుకే 31వ తేదీ వీడ్కోలు సభలో వేదిక మీద పెద్దాయననే పెట్టిస్తున్నాను. ఆ మాట అన్నది నేనేనని, తప్పు నాదేనని, బుచ్చయ్య గారు, పూలమ్మ గారు, మీరంతా వింటుండగా చెబుతాను. సాంబమూర్తి గారూ, మీ శ్రీమతి సూర్యప్రభ గారితో కలిసి మీరు నిండు ఆరోగ్యంతో, చల్లని మనసుతో, ఏ మైకూ అక్కర్లేని ఆ చెవులతో నూరేళ్లు వర్ధిల్లాలని, ఈసారి గుసగుసగా కాదు, గొంతెత్తి కోరుకుంటాను. మైకు తెరిచే ఉంటుంది సార్.

శైలేందర్
సహాయ ధ్వని ఇంజినీరు