శని ఉంగరంతో బిగించిన పంపు

బడి గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బల్లలుంటే ఒకటి ఎప్పుడూ సైన్సు మేడందే. ఆవిడ కూర్చుంటే బల్ల నిండుతుందని కాదు, ఆవిడ చేతులతో నిండుతుంది. మాట మొదలెట్టిందా, ఎడమ చెయ్యి భూమి, కుడి చెయ్యి చంద్రుడు. మధ్యలో ఎవరైనా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నారో, గ్రహణం ఖాయం.

ఆ రోజు మాత్రం మేడం ఊసుపోక కూర్చోలేదు. శనివారాలు ఏడో తరగతికి ఆవిడ చెప్పే నీళ్ళ పాఠం ఎత్తేసి, ఆ గంటలు లెక్కల మాస్టారికి ఇచ్చేద్దామా అని పెద్ద మేడం ఆలోచనలో పడింది. "తల్లిదండ్రుల్నే అడుగుతాను. ఎక్కువ చేతులు ఎటు లేస్తే అటు," అని తేల్చేసింది కూడా. మీటింగుకి ఇంకా కాస్త టైముంది. వచ్చిన తల్లిదండ్రులంతా టీ కొట్టు ముందే ఉన్నారు. లెక్కల మాస్టారు రెండో బల్ల మీద, అప్పుడే గెలిచేసిన మనిషిలా తీరిగ్గా బిస్కెట్టు ముంచుకుంటున్నారు. ఇక మేడం ఊరుకుంటుందా?

"అబ్బే, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదండీ," అని మొదలెట్టింది.

టీ కాచే అక్క వెంటనే మంట తగ్గించేసింది. ఈ మాట వినబడ్డాక పాలు పొంగినా తనకి తెలియదని ఆవిడ అనుభవం.

"ఏదో చిన్న పని చేశాం. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి తలకిందులు చేశాం. మూతి దగ్గర దూది, దాని మీద బొగ్గు, బొగ్గు మీద ఇసక, ఇసక మీద గులకరాళ్ళు. పైనుంచి కాలవ నీళ్ళు పోశాం, కింద తేట నీళ్ళు దిగాయి. అంతే."

"అంతేనా?" అంది బ్యాంకులో పనిచేసే ఓ తల్లి, కాస్త నిరాశగా.

ఆ నిరాశ మేడం గుండెలో సూదిలా దిగింది. ఒక్క చెయ్యి జారిపోతోందంటే ఊరుకునే మనిషా!

"అంతేనా అంటారేంటమ్మా! తేటంటే అలాంటిలాంటి తేటా? గ్లాసులో నీళ్ళున్నాయో లేవో కనబడితేగా! డ్రిల్లు మాస్టారు ఖాళీ గ్లాసనుకుని అందులో పెన్ను, కళ్ళజోడు, విజిలు అన్నీ పెట్టేసుకున్నారు. సాయంత్రం ఆటల పీరియడ్లో విజిలు ఊదితే చప్పుడు రాలేదు, బుడగలొచ్చాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది మేడం?" అన్నాడు ఆటో ఆయన, స్టాండులో బండి వదిలేసి దగ్గరికి జరుగుతూ.

"తర్వాతి వారం క్లాసులోకి ఫుట్‌బాల్ పట్టుకెళ్ళాను. భూమి ఇంత ఉందనుకోండి, సముద్రాలూ మంచూ మబ్బులూ అన్నీ కలిపి ఉండ చుడితే ఎంతుంటుందర్రా అని అడిగాను. కొబ్బరికాయంత అన్నాడొకడు. బత్తాయంత అంది ఒక పిల్ల." మేడం హ్యాండుబ్యాగులోంచి ఓ పెద్ద గోలీ తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇదిగో, ఇంతే. ఇందులో నదుల్లో, చెరువుల్లో ఉండేదంతా కలిపితే ఆవగింజ."

ఈ ముక్క మాత్రం అక్షరాలా నిజం. చిత్రమేమిటంటే నిజం చెప్పేటప్పుడు మేడం గొంతు తగ్గుతుంది. టీ కొట్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఇస్త్రీ కొట్టాయన, అప్పటిదాకా ఎటో చూస్తున్నవాడు, ఆ గోలీ వంక తిరిగాడు. ఆవిడ గమనించలేదు. ఎందుకంటే అప్పటికే ఆవిడ అంగారకుడి మీదుంది.

"ఇంతే అయితే మరి పక్క గ్రహాల్లో వెతుకుదాం మేడం అన్నారు పిల్లలు. అంగారకుడి మీద ధ్రువాల దగ్గర మంచుందిగా! పంపు కట్టాం. ఓ పాత సైకిలు, దాని ట్యూబు, తొక్కడానికి ఏడో తరగతి మొత్తం. మొదటి తొక్కుడుకి మేడ మీది ట్యాంకు ఖాళీ. ఇంకాస్త గట్టిగా తొక్కారు, ఎటో పోతున్న మబ్బు కిందికి జారి జెండా కర్రకి చిక్కుకుంది. దాన్ని విడిపించడానికి వాచ్‌మన్ నిచ్చెనెక్కాడు, దిగేసరికి స్నానమైపోయింది."

"పైపు పొడవెంతో?" లెక్కల మాస్టారు అడ్డుపడ్డారు, బిస్కెట్టు గాల్లో ఆపి.

"కొలవడం మీ పని మాస్టారూ! మీరు టేపు వెతుక్కునే లోపు మా పైపు అంగారకుడి మీద దిగింది."

అందరూ గొల్లుమన్నారు. మాస్టారి బిస్కెట్టు సగం విరిగి టీలో మునిగింది. మేడంకి ఒళ్ళు తెలియలేదు. ఇప్పుడే గనక చేతులెత్తమంటే ఆటో ఆయన రెండూ ఎత్తేస్తాడు!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? జాయింటు దగ్గర లీకు! వాషరు కావాలి. బజారంతా తిరిగాం, అన్నీ చిన్నవే. ఏం చేస్తాం? శనిగ్రహానికి బోలెడన్ని ఉంగరాలు, అన్నీ మంచు ముక్కలవేగా, ఒక్కటి తీసుకుంటే ఏం పోయింది? తెచ్చి బిగించాం. చుక్క కారితే ఒట్టు!"

"శని ఊరుకున్నాడా తల్లీ?" అంది టీ అక్క.

"ఊరుకోక ఏం చేస్తాడక్కా, లాక్కోడానికి చేతులుంటేగా!"

బ్యాంకు తల్లి నవ్వాపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మేడం బల్ల మీంచి లేచి నిలబడింది.

"ఎర్రటి నీళ్ళు ధారకట్టాయి. అంత మంచూ మేం తోడేసరికి అంగారకుడు తేలికైపోయి, దారం తెగిన గాలిపటంలా ఊగడం మొదలెట్టాడు. రాకెట్లు పంపే ఆఫీసు నుంచి ఫోను! ‘అమ్మా, తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటాం, కుళాయి కట్టేయండి. మా రాకెట్టు దిగుదామంటే గ్రహం ఉన్నచోట ఉండటం లేదు’ అని. పిల్లల ప్రాక్టికల్స్ అయ్యేదాకా కుదరదండీ అని పెట్టేశాను. గురుగ్రహం చుట్టూ ఓ చందమామ తిరుగుతుంది చూశారూ, మంచు పెంకు కింద సముద్రం దాచుకున్నది? అది మా పంపు చప్పుడు విని, పెంకు ఇంకో రెండు పొరలు కప్పుకుంది! సరే, ఆ అంగారకుడి నీళ్ళు బిందెతో క్లాసులోకి తెచ్చాను. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు. మా సీసా ఫిల్టరు ఎత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా ధారగా పోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు."

అన్నది ఇస్త్రీ కొట్టాయన.

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి అలాంటి జవాబు మేడం ఎన్నడూ వినలేదు.

"మావాడు మొదటి బెంచీ," అన్నాడాయన, నింపాదిగా. "మీరు పోసింది బడి కుళాయి నీళ్ళు మేడం. ముందు మంచినీళ్ళతో చూద్దామన్నారట. తెల్లగా పోశారు, నల్లగా దిగాయి. మీరు కంగారులో సీసా వదిలేస్తే మావాడి చొక్కా మీద పడింది. ఆ బొగ్గు నా ఇస్త్రీ పెట్టెకి వాడేదే, మావాడే తెచ్చాడు. మసి వదలగొట్టకుండా అలాగే కూరేశారు."

ఈసారి లేచిన నవ్వు వేరే నవ్వు. లెక్కల మాస్టారి నవ్వు అందరికంటే ఎత్తున వినబడింది. "మంచినీళ్ళని మురికినీళ్ళు చేసే ఫిల్టరు! అదీ ఇంజనీరింగంటే!" బ్యాంకు తల్లి గడియారం చూసుకుంది. మేడం బల్ల మీద కూలబడింది. భూమీ చంద్రుడూ రెండూ ఒళ్ళో పడిపోయాయి. పోయింది. శనివారం పోయింది. గోలీ, ఫుట్‌బాల్, సీసాలు, అన్నీ బీరువాలోకి.

"నవ్వాపండి మాస్టారూ, నేనింకా చెప్పడం అవలేదు," అన్నాడు ఇస్త్రీ ఆయన. "బడి సంగతి అడిగితే ‘ఊఁ’ తప్ప అనని వెధవ, ఆ రోజు నల్లచొక్కాతో వచ్చి, ఎందుకు నల్లగా వచ్చాయో తేలేదాకా అన్నం ముట్టనన్నాడు. బొగ్గు కడిగాడు. మళ్ళీ కడిగాడు. బట్టలు తడిపే నా బకెట్లన్నీ తగలేశాడు. నీళ్ళు తేటగా దిగాక వాళ్ళమ్మని, నాయనమ్మని, చివరికి చొక్కాలిద్దామని వచ్చినవాళ్ళని కూడా పిలిచి చూపించాడు. ఆ చొక్కా మాత్రం తెల్లబడలేదు. నా చేతిలో కూడా."

గేటు దగ్గర గంట మోగింది. పెద్ద మేడం అక్కణ్ణుంచే కేకేసింది, "శనివారం నీళ్ళ పాఠం ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి!"

ముందు లేచింది ఇస్త్రీ ఆయన చెయ్యి. ఆటో ఆయన నిజంగానే రెండూ ఎత్తాడు, ఒకటి దింపమన్నారు. బ్యాంకు తల్లి లెక్కల మాస్టారి మొహం వంక ఒకసారి, గోలీ వంక ఒకసారి చూసి, నెమ్మదిగా ఎత్తింది. ఇక మిగతావాళ్ళు ఆగలేదు.

అందరూ లోపలికి నడుస్తుంటే, ఇస్త్రీ ఆయన మేడం చేతిలో ఓ గుడ్డసంచీ పెట్టాడు. అందులో మసి లేకుండా కడిగి, ఎండబెట్టిన బొగ్గు ముక్కలు.

మేడం కళ్ళు తుడుచుకుంది. ఒక ముక్క తీసి వెలుతురుకి పట్టింది. చుట్టూ ఇంకా ఎవరైనా ఉన్నారేమో చూసింది. టీ అక్క ఉంది. చాలు.

"చూశావా అక్కా, ఇది మామూలు బొగ్గనుకునేవు..."

"మామూలు బొగ్గే మేడం," అన్నాడు ఇస్త్రీ ఆయన, వెనక్కి తిరక్కుండా.