యాభై లోపు పచ్చ

మేఘనా నది ఒడ్డున, జోబేదా బీబీ వాకిట్లోని చేతిపంపు మూతికి పూసిన ఎర్రరంగు ఇంకా ఆరలేదు. ఆమెను పిన్నీ అన్నట్టు ‘ఖాలా’ అని పిలిచే నీళ్ళ పరీక్షల ఉద్యోగి తసద్దుక్ దాని ఎదుట నిలబడి ఉన్నాడు.

“పచ్చగా ఉండాల్సిన పంపుకి ఎరుపు ఎవరు పూశారు ఖాలా?”

“నేనే.”

“మీరా! ఎవరో పిల్లలనుకున్నా. ఎరుపంటే విషం, పచ్చంటే తాగొచ్చు. అది సర్కారు గుర్తు ఖాలా, మనిష్టం వచ్చినట్టు మార్చేది కాదు.”

“ఈ నీళ్ళలో ఆర్సెనిక్ ఎంతుందన్నావు మొన్న?”

“లీటరుకి నలభై రెండు మైక్రోగ్రాములు. హద్దు యాభై. అంటే మంచినీళ్ళే.”

“పది దాటితే చాలు, వద్దనే దేశాలున్నాయట?”

“అవి... వాళ్ళ సంగతి వేరు.”

“ఏం, వాళ్ళ పేగులు వేరా?”

“హద్దు నేను పెట్టానా? పదంటే ఊళ్ళో సగం పంపులు ఎర్రబడతాయి. జనం ఎక్కడికి పోతారు?”

“మదర్సా దగ్గర లోతు బోరుకి. నేను పోవట్లా? ఈ నడుముతోనే రోజూ రెండు బిందెలు మోస్తున్నా. దూరమంటారా, ఇంకో లోతు బోరు వేయించండి. అది చేతకాక హద్దు పైకి జరుపుతారా?”

“కోప్పడకండి. ఇది పోయిన మీ కమరుల్ పేరున వేయించిన పంపు కదా. తాగినవాళ్ళ దీవెన, ఆ దువా, వాడికి చేరుతుందని మీరే అన్నారు. ఎరుపు పూస్తే ఎవరు తాగుతారు? కొడుక్కి ఆ పుణ్యం ఆపేస్తారా?”

“వాడి పేరెత్తి నన్ను మెత్తబరచకు! నా చిన్నకోడలు షెఫాలీని పిలుస్తా, అరచేతులు చూడు. నిండా కాయలు, నల్లమచ్చలు. పదిహేనేళ్ళు ఈ నీళ్ళే తాగించా, నా చేత్తో. దాన్ని కూడా దువా అంటావా?”

“నేను పచ్చ వేసి పోతా. కాగితం మీద సంతకం పెట్టండి చాలు.”

“పెడతా. ముందు ఈ గ్లాసుడు తాగు. ఎండన పడి వచ్చావు.”

“దాహం లేదు.”

“పెదాలు ఎండిపోయి ఉన్నాయి.”

“సంచిలో సీసా ఉంది ఖాలా, పట్నం నుంచి...”

“మంచినీళ్ళేనన్నావుగా? తాగు. నువ్వు తాగితే పచ్చరంగు నేనే వేస్తా. ఏం, చెయ్యి రాదే?”

“ఖాలా...”

“చెప్పు.”

“మా ఇంటి పంపుది నలభై ఆరు. పచ్చ వేసింది నేనే. మా ఆవిడకి ఇప్పుడు ఏడో నెల... మీ రంగు డబ్బాలో ఎరుపు ఇంకేమైనా మిగిలిందా?”