కుడికి తిప్పితే ఎడమకి

కోత మిషన్ షెడ్డు, సాయంత్రం. తమ్ముడు మిషన్ వెనక చక్రాల కింద దూరి పైపులు బిగిస్తున్నాడు. అన్న పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు.

“ఆ స్పానర్ కింద పెట్టరా.”

“ఇంకొక్క నట్టే అన్నయ్యా.”

“ఎవరు నడపడానికి బిగిస్తున్నావు?”

“ఎవరో ఒకళ్లు. నువ్వెళ్లి కాసేపు నడుం వాల్చరాదూ?”

“వాలిస్తే చెయ్యి తిరుగుతోంది.”

“ఏంటీ?”

“చెయ్యిరా. నిద్రలో కుడికి తిప్పేస్తోంది. లేచి చూస్తే దుప్పటి గుప్పిట్లో ఉంటోంది.”

“అది నీకు ఎప్పుడూ ఉన్నదేగా. నిద్రలో కూడా బండి తోలే మొగుడు దొరికాడని వదిన ఎన్నిసార్లు ఏడిపించలేదూ... అయ్యో, నోరు జారాను. ఏమనుకోకు.”

“అను. ఆమె మాట ఎత్తకూడదని ఇంటిల్లిపాదీ ఒట్టేసుకున్నట్టున్నారు. నువ్వైనా అను.”

“అన్నయ్యా, నీకో మాట చెప్పాలి.”

“పిల్లలు నా చేత్తో ఇస్తే మంచినీళ్లు కూడా ముట్టట్లేదురా.”

“అందుకే చెబుతున్నా. విను. నీ తప్పేం లేదు. కట్టర్ అంచు గట్టుకి తగలకుండా వదిన ముందు నడుస్తూ దారి చూపిస్తోంది. ఎడమవైపు కాలు జారి పడింది. నువ్వు కుడికే తిప్పావు. నా కళ్లతో చూశా.”

“కుడికే తిప్పా. మిషన్ ఎడమకి పోయింది. ఆమె మీదికే పోయింది.”

“బ్రేకు కూడా తొక్కావు.”

“చెయ్యి ముందు తిరిగింది. కాలు తర్వాత కదిలింది.”

“తప్పు నాది. ఈ పైపులది.”

“పైపులేం చేశాయి?”

“వెనక చక్రాల్ని తిప్పేవి ఇవేగా. ముందు రోజు ఒకటి పగిలితే చేలోనే కొత్తది వేశా. రెండూ ఒకేలా ఉంటాయి. దీని చోట అది, దాని చోట ఇది బిగించేశా. దాంతో స్టీరింగ్ తిరగబడింది.”

“అప్పుడే మార్చేయాల్సింది.”

“విప్పితే ఆయిలంతా కారిపోతుంది. మళ్లీ పోయడానికి చుక్క లేదు. పైన చూస్తే మబ్బు. ఉల్టా తిప్పుకుంటే పోయేదేముందిలే అని అలాగే కోసేశా. కాసేపటికి చెయ్యి అలవాటు పడిపోయింది.”

“నీకు పడింది.”

“నాకు పడింది. మర్నాడు నువ్వెక్కావు. ఎక్కీ ఎక్కగానే అలా జరిగిపోయింది. నీకు... నీకు చెప్పలేదు నేను.”

“చెప్పలేదా?”

“మర్చిపోయా.”

“మర్చిపోయావా?”

“మర్చిపోయానన్నయ్యా! ఎన్నిసార్లు అడుగుతావు? తిట్టు, కొట్టు, గడప తొక్కొద్దను, పడతా. ‘నా చేతులతో నేనే చంపుకున్నా’ అని మాత్రం నువ్వు అనకు. వినలేకపోతున్నా.”

“పిల్లలకేం చెబుతావు?”

“ఇదే చెబుతా. ఇప్పుడే వెళ్లి చెబుతా.”

“ఇక జన్మలో నిన్ను బాబాయ్ అనరు.”

“అనకపోతే మానె. నిన్ను నాన్నా అంటే చాలు.”

“ఒరేయ్, ఇటు రా. బయటికి రా. నా మొహం చూసి చెప్పు.”

“నట్టు బిగించాలి.”

“నీకు చిన్నప్పట్నుంచీ అబద్ధం చేతకాదురా. చెప్పావు. రాత్రి అన్నం దగ్గర చెప్పావు, పొద్దున్నే లేపి మళ్లీ చెప్పావు. నాకే నేర్పుతావా అని నేనే కసిరా.”

“అన్నయ్యా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ సంగతి మనిద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. అలాగే ఉండనీ.”

“మీ వదినకి తెలుసురా. నేను ఎక్కుతుంటే నిచ్చెన పట్టుకుని, ‘ఇవాళ కుడికి తిప్పితే ఎడమకి పోతుందట, మర్చిపోకండి’ అని నవ్వుతూ చెప్పి, మిషన్‌కి ముందు నడిచింది.”